ఏ రంగు అని అడిగే ముందు ఏ ఏడాది అని అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం రణరంగాల్లో బ్రిటిష్ సైన్యం నడిపిన 600 మిల్లీమీటర్ల న్యారోగేజ్ రైల్వే మీద నువ్వు రాసిన అధ్యాయాలు చదివాను. ఫిరంగి గుండ్లను ముందుకు చేరవేసి, గాయపడినవాళ్లను వెనక్కి తెచ్చిన ఆ చిన్న బండ్ల గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయడానికి ఒకరు పూనుకున్నందుకు చాలా సంతోషించాను. రెండో అధ్యాయంలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “ఆ రైల్వే ఇంజన్లకు బూడిద రంగు వేసేవారు” అన్నావు. ఏ ఇంజన్లకు? ఏ ఏడాది? ఎవరు వేశారు? ఈ ఉత్తరమంతా ఆ వాక్యం గురించే.

ఇంజను జీవితంలో రంగు ఒక్కసారి వేసేది కాదు. అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం 1916, 1917 సంవత్సరాల్లో ఈ రైల్వే కోసం 4-6-0 తరహా (ముందు నాలుగు చిన్న చక్రాలు, తరవాత ఆరు పెద్ద చక్రాలు ఉండే) ట్యాంకు ఇంజన్లు, అంటే నీళ్లను తమ మీదే మోసుకెళ్లేవి, 495 తయారుచేసింది. కర్మాగారం గేటు దాటినప్పుడు వాటి మీద ఉన్న రంగు ఒకటి. ఫ్రాన్సులో పెద్ద మరమ్మతుకు వెళ్లినవాటికి అక్కడ మళ్లీ రంగు వేసి ఉండవచ్చు. యుద్ధం ముగిశాక కొన్నవాళ్లు తమకు నచ్చింది వేసుకున్నారు. వాటిలో 590 నంబరు ఇంజను 1923లో వేల్స్‌లోని వెల్ష్ హైలాండ్ రైల్వేకు వెళ్లింది. 778 నంబరుది మన దేశానికే వచ్చి, ఉత్తర్ ప్రదేశ్‌లోని ఖతౌలీ చక్కెర మిల్లులో చెరకు లాగి, 1980ల్లో ఇంగ్లండుకు తిరిగి చేరింది. అమెరికాలోనే ఆల్కో కంపెనీ 1916లో చేసిన మరో ఇంజను ఫ్రాన్సులో పితివియే–తూరీ మార్గంలో దశాబ్దాలు పనిచేసి, 1967లో వేల్స్‌లోని ఫెస్టీనియోగ్ రైల్వేకు వచ్చింది. మౌంటెనీర్ అని పిలుస్తారు. ఇప్పుడు వీటిలో మిగిలి ఉన్న దేన్ని చూసినా నీ కంటికి కనిపించేది పునరుద్ధరించినవాళ్ల నిర్ణయం. ఆ నిర్ణయం మంచిదే కావచ్చు. దేని ఆధారంగా తీసుకున్నారని వాళ్లకు ఉత్తరం రాసి అడుగు. ఇలాంటి పనిలో మునిగినవాళ్లు సాధారణంగా అడిగినదానికంటే ఎక్కువే చెబుతారు.

ఇక ఫోటోలు. నీ నమ్మకమంతా వాటి మీదే పెట్టుకున్నావు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఆనాటి గాజు పలకల్లో చాలావాటికి ఎరుపు వెలుగు తెలియదు. ఆర్థోక్రోమాటిక్ పలకలు అంటారు వాటిని. వాటి మీద ఇంజను ముందుండే ఎర్రని అడ్డదూలం దాదాపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబోతుంది, పసుపు కూడా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. అంటే నలుపులా కనిపించేది ఎరుపు కావచ్చు, లేత బూడిదలా కనిపించేది నీలం కావచ్చు. పోనీ అన్నీ అలాంటివే అనుకుందామంటే, అన్ని రంగులనూ పట్టే పాంక్రోమాటిక్ పలకలు ఇంగ్లండులో 1906 నుంచే అమ్మకానికి ఉన్నాయి. అందుకని ఫోటోలోనే సాక్షిని వెతుకు. ఒక మూల ఫ్రెంచి జెండా ఉందనుకో: ఎర్ర పట్టీ నల్లగా, నీలి పట్టీ తెల్లగా పడితే ఆ పలక ఎలాంటిదో తెలిసిపోతుంది. జెండా లేకపోతే నిప్పు ఆర్పే ఎర్ర బకెట్టో, ఫ్రెంచి సైనికుడి లేత నీలం కోటో ఉంటుంది. అలా రంగు తెలిసిన వస్తువు ఒక్కటీ లేని ఫోటోను చూసి రంగు పేరు రాయకు.

అలాగని ఫోటోను తక్కువ చేయవద్దు. అక్షరాలు ఎక్కడ రాశారు, అంకెలు ఎంత ఎత్తున ఉన్నాయి, ప్రభుత్వ ఆస్తికి గుర్తుగా వేసే బాణం ఏ అక్షరాల మధ్య వచ్చింది, అంచుల వెంట గీతలు ఉన్నాయా లేవా, ఇవన్నీ దానికంటే బాగా మరేదీ చెప్పదు. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలోని అధికారిక ఫోటోలు చూసేటప్పుడు ప్రతిదానికీ తేదీ, చోటు, ఇంజను నంబరు, పలక స్వభావం నాలుగు గడుల్లో రాసుకో. కర్మాగారం తీయించిన ఫోటోలకు విడిగా గుర్తు పెట్టు. భాగాలన్నీ స్పష్టంగా కనిపించాలని ఫోటో కోసమే ఇంజనుకు మెరుపు లేని బూడిద పూత వేసి, తరవాత అసలు రంగు వేయడం ఆ రోజుల్లో మామూలు. నీ “బూడిద రంగు” అక్కడి నుంచే వచ్చిందేమోనని నా అనుమానం. కంప్యూటర్ రంగులద్దిన పాత ఫోటోలను అసలు ముట్టుకోకు. అందులో ఉన్నది సాక్ష్యం కాదు, ఊహ.

నిజమైన రంగు ఫోటోలు లేకపోలేదు. లూమియే సోదరుల ఆటోక్రోమ్ పలకలు 1907 నుంచి దొరికేవి. ఫ్రెంచి సైన్యం తరఫున పాల్ కాస్టెల్నో, ఫెర్నాండ్ క్యువిల్ 1917లో వాటి మీద ఫోటోలు తీశారు. రంగు వేసిన బంగాళదుంప పిండి రేణువుల గుండా వచ్చిన ఆ రంగు అందంగా ఉంటుంది. దాన్ని చూసి పెయింటు కలపడం మాత్రం కుదరదు.

కాగితాల సంగతి. బాల్డ్విన్ స్పెసిఫికేషన్ పుస్తకాలు, అంటే ఏ ఇంజను ఎలా చేయాలో రాసుకున్నవి, అమెరికాలో డల్లాస్‌లోని డిగోల్యర్ లైబ్రరీలో ఉన్నాయి. రంగు, అక్షరాల సూచనలు కూడా వాటిలో రాసేవారు. ఈ రైల్వేను నడిపిన సైనిక దళాల (లైట్ రైల్వే కంపెనీల) యుద్ధ దినచర్యలు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరుసలో దొరుకుతాయి. స్పెసిఫికేషన్ పుస్తకం ఏం వేయమన్నారో చెబుతుంది. ఏం వేశారో, ఏడాది తరవాత దాని గతి ఏమైందో చెప్పదు. ఆ కాగితాల్లో రంగు నంబరు కోసం వెతకకు. జర్మనీ రాల్ రంగుల పట్టిక 1927లో, బ్రిటన్ ప్రమాణం 1930లో వచ్చాయి. యుద్ధకాలపు పెయింటరు తెల్ల సీసంలో మసి నలుపు కలిపి, అవిసె నూనెతో పలుచన చేసుకునేవాడు. ఒక డబ్బా బూడిద రంగు ఇంకో డబ్బాతో కలవకపోయినా వింత లేదు.

చివరికి ఇనుమే మాట్లాడాలి. పేరు పలక వెనుక, బోల్టు తల కింద, పనిముట్ల పెట్టె లోపలి గోడ మీద పాత పొరలు బతికి ఉంటాయి. అనుమతి తీసుకుని, నీటిలో తడిపిన ఎమెరీ కాగితంతో నాణెమంత మేర నెమ్మదిగా అరగదీస్తే వలయాలు వలయాలుగా పొరలు బయటపడతాయి. అందులో సీసం ఉంటుంది. ముక్కుకు మాస్కు లేకుండా, పొడిగా ఎప్పుడూ అరగదీయకు. బయటపడిన రంగును వెంటనే పోల్చవద్దు: చీకట్లో ఉన్న అవిసె నూనె పచ్చబడి, బూడిద రంగును ఆకుపచ్చ వైపు లాగుతుంది, కొన్నాళ్లు పగటి వెలుగు తగిలితే చాలావరకు తేరుకుంటుంది. ఒక పెచ్చును రెసిన్‌లో పోసి అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూడగలిగితే ఇంకా మంచిది. రెండు పొరల మధ్య మసి గీత ఉంటే ఆ రెంటికీ నడుమ బండి పనిచేసిందని అర్థం. గీత లేకపోతే ఒకే విడతలో వేసినవి కావచ్చు. తెల్ల రంగులో టైటానియం కనిపిస్తే అది యుద్ధకాలపు పొర కాదనే అనుకో. ఆ రంగుద్రవ్యం తయారీ యుద్ధ సంవత్సరాల్లో అప్పుడప్పుడే మొదలవుతోంది.

ఇప్పుడు నీ వాక్యాన్ని తిరగరాయి. “ఈ ఫోటోలో పక్క ట్యాంకు ముదురుగా, అంకెలు లేతగా ఉన్నాయి; రంగు ఏదో ఫోటో చెప్పదు” అని రాసినా పాఠకుడు నిన్ను చిన్నచూపు చూడడు. తెలిసినదానికీ ఊహించినదానికీ మధ్య హద్దు ఎక్కడుందో ప్రతి వాక్యంలోనూ అతనికి కనిపించాలి. హద్దు చెరిపేసిన ఒక్క వాక్యాన్ని పదిమంది ఎత్తిరాసుకుంటే, తరవాత వచ్చేవాడికి అదే ఆధారమైపోతుంది. ఇంజన్లు ఒక్కొక్కటే తుప్పు వదిలించుకుని కొత్త రంగు వేసుకుంటున్న ఈ రోజుల్లో పాత పొర ఒకసారి పోతే మళ్లీ రాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సింప్లెక్స్ పెట్రోలు ట్రాక్టర్ల అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదన్నావు. పగలు పొగ, రాత్రి నిప్పు వెలుగు శత్రువుకు జాడ చెబుతాయని యుద్ధరేఖ దగ్గర ఆవిరి ఇంజన్లకు బదులు వీటిని నడిపారు. అలాంటి చోట రంగు ఎందుకు వేశారన్నదే వేరే ప్రశ్న. 40 హార్స్‌పవర్ రకంలో పైకప్పు లేనివి, కొంత కప్పు ఉన్నవి, పూర్తి కవచం ఉన్నవి మూడూ ఉన్నాయి కాబట్టి మూడింటికీ వేర్వేరు పట్టికలు వేయి. పట్టికలు కాగానే ముందు అవి పంపు. అధ్యాయం ఆ తరవాత రాద్దువు గాని.

నీ క్షేమం కోరే,
పెద్దాయన