నలుగురికి ఒకే బాత్రూమ్ అయితే స్టోరేజ్ గీజరే మేలు

ఇంట్లో నలుగురు, బాత్రూమ్ ఒకటే, ఉప్పు తేలే బోరు నీళ్లు, పొద్దున గంటలో అందరి స్నానాలూ అయిపోవాలి, 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి.

3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నీటి వేడిని 25 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి సుమారు 1.7 లీటర్లే ఇవ్వగలదు. 15 లీటర్ల బకెట్ నిండేసరికి దాదాపు 9 నిమిషాలు పడుతుంది. వంటింటి సింకుకైతే అది భేషుగ్గా ఉంటుంది.

మీకు 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ కావాలి. 60 డిగ్రీల నీళ్లలో 20 డిగ్రీల చన్నీళ్లు కలిపితే స్నానానికి దాదాపు 50 లీటర్లు వస్తాయి. 2 కిలోవాట్ల కాయిల్‌తో మళ్లీ అంత వేడెక్కడానికి 35 నిమిషాలు చాలు. ఇద్దరిద్దరుగా కానిచ్చేయవచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది నీళ్ల విషయంలో. కాయిల్‌కు సున్నంలా పొర పట్టి కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి కాయిలే పోతుంది. గ్లాస్ పూత ఉన్న ట్యాంకు, మెగ్నీషియం ఆనోడ్ రాడ్ ఉన్న మోడల్ చూడండి. ఆ రాడ్ తుప్పును తన మీద వేసుకుని కరిగిపోతుంది కాబట్టి ఏడాదికోసారి విప్పి చూపించాలి. చాలామంది ఇదే మర్చిపోతారు.

గ్యాస్ గీజర్ నీళ్లు ధారాళంగా ఇస్తుంది, కానీ దయచేసి మూసిన బాత్రూమ్‌లో మాత్రం పెట్టకండి. గ్యాస్ మండేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

కొనేముందు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.