కేజీఎఫ్‌లో నడిచి చూడటానికి ఏముంది?

ప్రశ్న: మాది కుప్పం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు కేజీఎఫ్ (కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊరు) చూపిద్దామనుకుంటున్నాం. గనిలోకి దిగనిస్తారా? గైడ్ దొరుకుతాడా? తెలిసినవాళ్లేమో ‘మట్టి దిబ్బలు తప్ప అక్కడేం లేవు’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: గనిలోకి దిగనివ్వరమ్మా. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఆ తర్వాత లోపల నీళ్లు నిండిపోయాయి. అయినా తప్పకుండా వెళ్లండి. మా పెదనాన్న ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. ఆ ఊళ్లో ఏం లేదంటే నేను ఒప్పుకోను.

బంగారపేటలో దిగి మారికుప్పం రైలెక్కండి. గనుల కోసమే వేసిన లైను అది. ఛాంపియన్ స్టేషన్లో దిగి, టీకొట్టు దగ్గర రిటైరైన గని కార్మికులెవరైనా ఉన్నారా అని అడగండి. అక్కడివాళ్లలో చాలామంది తమిళులు, మన చిత్తూరు వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాబట్టి భాషకు ఇబ్బంది ఉండదు. పూటంతా మీతో తిరిగినందుకు డబ్బు మాత్రం బేరమాడకుండా ఇవ్వండి.

ముందు షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) మీద నిలబడ్డ ఇనుప హెడ్‌గేర్‌ను, అంటే ఆ ఎత్తైన ఇనుప గోపురాన్ని, బయటి నుంచి చూపించమనండి. మనుషుల్ని కేజ్‌లో, అంటే లిఫ్టు లాంటి ఇనుప బోనులో, కిందికి దింపింది అక్కడి నుంచే. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లు దాటిన లోతు. అంత కిందికి వెళ్లేసరికి రాయే కాలిపోతూ ఉంటుంది, అందుకే పైనుంచి చల్లటి గాలి పంపేవాళ్లు. పిల్లలకు ఇంకోటి చెప్పండి: 1965లో మన శాస్త్రవేత్తలు విదేశీయులతో కలిసి న్యూట్రినోల (దేనికీ అడ్డుపడకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాల) జాడ పట్టింది ఈ గనుల లోతుల్లోనే.

అన్నిటికన్నా ‘ఎయిర్ బ్లాస్ట్’ గురించి అడగండి. లోతులో ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలిపోతుంది. పైన ఇళ్లలో అలమరలోని గిన్నెలు గలగలమనేవట. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ పొయ్యి మీది కూర అలాగే వదిలేసి షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తేది. షిఫ్ట్ వాళ్లంతా పైకి వచ్చేదాకా ఆడవాళ్లెవరూ కదిలేవాళ్లు కాదు.

తర్వాత కార్మికుల లైన్లలోకి నడవండి. ఒంటిగది ఇళ్లు, కొట్టాలంత ఇరుకు. కాస్త దూరంలో దొరల బంగళాలు, క్లబ్బు. ఈ రెండూ ఒకే పూట చూడాలి, అప్పుడే ఆ ఊరు అర్థమవుతుంది. 1902లో శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు తెచ్చింది గనుల కోసం. బెంగళూరుకు 1905లో గానీ రాలేదు. ఇక్కడి నుంచి 800 టన్నులకు పైగా బంగారం బయటికి వెళ్లింది. తవ్వినవాళ్లకు మిగిలింది ఆ ఒంటిగది, కొందరికి రాతిపొడి పీల్చి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మీవాళ్లు చెప్పిన దిబ్బలు బంగారం తీసేశాక మిగిలిన పొడి. సైనైడ్ వాడి తీశారు కాబట్టి దూరం నుంచే చూడండి, ఫొటోల కోసం పిల్లల్ని ఎక్కనివ్వద్దు. గాలి ఎక్కువగా ఉంటే మాస్కులు పెట్టండి.

అన్నట్టు, అదే రాతిపొర మీ కుప్పం వైపు చిగురుగుంట దాకా వస్తుంది. అక్కడా బంగారం తవ్వారు. బయల్దేరే ముందు మీ ఊళ్లోనే విచారించండి. పాత గని మనిషి ఎవరైనా దొరికితే ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లండి.