శారదరాత్రుల తర్వాత

తమ్ముడూ,

కథ అచ్చయిన సంతోషం నీకు రెండు రోజులు కూడా నిలవలేదన్నమాట. "బాగుంది గానీ, రావిశాస్త్రి గారిని బాగా చదివినట్టున్నారు" అని ఎవరో అన్నారని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావు. దొంగతనం అంటగట్టినట్టుందన్నావు. ఇకమీదట ఆయన పుస్తకాల జోలికే వెళ్లనన్నావు. ఆ చివరి మాట చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కథ మళ్లీ చదివాను. ఆ పాఠకుడు తప్పేమీ అనలేదు. మొదటి పేజీలో హెడ్డు కానిస్టేబుల్ మీద వరసగా మూడు పోలికలు వేశావు. మూడోదానికి వచ్చేసరికి కానిస్టేబుల్ మాయమై నువ్వు చదివిన రావిశాస్త్రి పుస్తకం కనబడింది. ఆయన విశాఖలో ప్లీడరు. పోలీసుల్నీ ముద్దాయిల్నీ రోజూ చూసిన మనిషి. నువ్వు స్టేషన్ మెట్లెక్కింది పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి, అదీ ఒక్కసారి. నాలుగో పేజీలో అమ్మ కరెంటు బిల్లు కట్టొచ్చి, మిగిలిన చిల్లర పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నె కింద దాస్తుంది చూడు, అక్కడ నాకు ఏ రచయితా గుర్తు రాలేదు. అక్కడ ఒక్క పోలికా లేదు, గమనించావా?

ఎర్రన సంగతి నీకు తెలిసిందే. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆగిపోయింది. అది 11వ శతాబ్దం. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్కను అలాగే వదిలేసి విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన దాన్ని పూరించాడు. ఎక్కడ మొదలుపెట్టాడో చూడు. నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆపితే, ఈయన 'స్ఫురదరుణాంశురాగరుచి' అంటూ అదే శరత్తులో పొద్దు పొడిపించాడు. దాదాపు మూడు వందల ఏళ్ల రాత్రికి తెల్లవారింది! పైగా తన ప్రభువును పక్కనపెట్టి, నన్నయలాగే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఇంకొకరి గొంతులోకి అంతగా ఒదిగిపోయిన మనిషిని మనవాళ్లు ప్రబంధ పరమేశ్వరుడన్నారు. నాకైతే ఆ తెల్లవారడం చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

శ్రీనాథుడికి అంత మర్యాద దక్కలేదు. సంస్కృత నైషధాన్ని తెలుగు చేసిన ఆయన శృంగారనైషధం విన్న సంస్కృత పండితులు "నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్" అన్నారట. సంస్కృతం మాటలకి తెలుగు ప్రత్యయాలు తగిలించావు, అంతేగా అని దెప్పడం. కట్టుకథే కావచ్చు. నా మొదటి పుస్తకంలో మాత్రం సగం డుమువులే.

ఇంకో సంగతి. నా కథల్లో సంభాషణల పక్కన 'అన్నాడు', 'అంది' దాదాపు ఉండవు. ఇది ఫలానా రచయిత నుంచి వచ్చిందని ఒకాయన సభలో పదిహేను నిమిషాలు మాట్లాడాడు. ఆ ఫలానా రచయితని నేను అప్పటికి చదవనే లేదు. అది మా నాయనమ్మది. కుళాయి దగ్గర గొడవ జరిగితే ఇంటికొచ్చి ఐదుగురి గొంతులూ తనే పలికేది, ఎవరు ఎవరో చెప్పకుండానే మాకు తెలిసిపోయేది. ఆవిడ ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు. పాఠకుడు తను చదివినవాళ్ల నీడలే గుర్తుపడతాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఆ రోజు నేను లేచి సరిదిద్దలేదు. టీ తాగి వచ్చేశాను.

నిన్ను పట్టుకున్నాయనకి మాత్రం "అవునండీ, చదివాను" అని జవాబివ్వు. నీకు బాగా నచ్చిన రావిశాస్త్రి కథేదో కూడా చెప్పు. కానిస్టేబుల్ మీది పోలికల్లో రెండు కొట్టేసి కథ మళ్లీ పంపు. పోపుల డబ్బా ముట్టుకోకు.

అన్నట్టు, సంక్రాంతికి నా దగ్గర పట్టుకెళ్లిన 'ఆరు సారా కథలు' ఈసారి వచ్చేటప్పుడు తెచ్చెయ్. కోపంలో పాతపేపర్లవాడికి వేసేస్తావేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య