వైఫై ఇచ్చినవాళ్లకు మనం ఏం చూస్తున్నామో తెలుస్తుందా? ఇన్‌కాగ్నిటో, వీపీఎన్ ఎంతవరకు పనికొస్తాయి?

మీరడిగింది మూడు ముక్కలు. మీ వీధిలోనే ఉండే కేబుల్ ఆపరేటర్ దగ్గర కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకున్నారు, మీ ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో అతనికి తెలుస్తుందా అన్నది ఒకటి. ఇన్‌కాగ్నిటోలో చూస్తే సరిపోతుందా అన్నది రెండోది. డబ్బులు పెట్టి వీపీఎన్ (మీ ట్రాఫిక్‌కు తాళం వేసి వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ) కొనాలా అన్నది మూడోది. నేను కొన్నేళ్లు గోదావరి జిల్లాల్లో ఒక చిన్న బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగం చేశాను. ఇప్పుడు అక్కడ లేను, కంపెనీ పేరు చెప్పను. ఎక్కువగా అక్కడ కూర్చుని చూసిందే రాస్తున్నాను.

ఇన్‌కాగ్నిటో సంగతి ముందే తేల్చేద్దాం. అది మీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. మీ తర్వాత ఆ ఫోన్ చేతిలోకి తీసుకునే మనిషికే అది అడ్డు. నెట్ ఇచ్చే మా వైపు నుంచి చూస్తే ఇన్‌కాగ్నిటో అయినా, మామూలుగా చూసినా ఒకటే.

ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే మీ బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య నడిచేదానికి తాళం వేసి పంపే పద్ధతి మీద, నడుస్తున్నాయి. కాబట్టి మీరు చదివిన పేజీ, వెతికిన మాట, యూట్యూబ్‌లో చూసిన వీడియో పేరు, బ్యాంకు పాస్‌వర్డ్, ఇవేవీ మాకు కనిపించేవి కావు. ఏ సైటుకు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో, ఎంత డేటా లాగారో కనిపించేది. ఆటో అతనికి మిమ్మల్ని ఏ ఆస్పత్రి గేటు దగ్గర దింపాడో తెలుసు, లోపల డాక్టరు ఏం చెప్పాడో తెలియదు. అలాగన్నమాట.

ఆ మాత్రం మరుగు కూడా ఈమధ్య వచ్చిందే. 2015లో బెంగళూరులో ఒక ప్రోగ్రామర్ తన ఎయిర్‌టెల్ 3జీ కనెక్షన్‌లో వెబ్ పేజీలు తెరిచి చూస్తే, ఆ సైట్లవాళ్లు రాయని జావాస్క్రిప్ట్ ముక్క ఒకటి పేజీలో కలిసి వస్తోంది. దారి మధ్యలో ఎక్కించారన్నమాట. అతను దాన్ని గిట్‌హబ్ అనే, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టుకునే సైటులో పెడితే, ఆ కోడ్ తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఫ్లాష్ నెట్‌వర్క్స్ తరఫు లాయర్ల నుంచి అతనికే నోటీసు వచ్చింది! కస్టమర్లు తమ డేటా వాడకాన్ని తెలుసుకోవడానికి చేసిన ట్రయల్ అని ఎయిర్‌టెల్ సర్దిచెప్పుకుంది. హెచ్‌టీటీపీఎస్ అంతటా వచ్చాక ఈ రకం చేతివాటానికి చాలావరకు తలుపు మూసుకుంది.

మరి సైటు పేరు ఎలా తెలుస్తుంది? రెండు దారులు. మొదటిది డీఎన్‌ఎస్. మీరు సైటు పేరు కొట్టగానే దాని ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని నంబరు) ఏమిటని మీ రౌటర్ ఒక సర్వర్‌ని అడుగుతుంది. మీరేమీ మార్చకపోతే ఆ సర్వర్ మీ ప్రొవైడర్‌దే, పైగా ఆ ప్రశ్నకు ఏ ముసుగూ ఉండదు. రెండోది ఎస్‌ఎన్‌ఐ. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యే క్షణంలో మీ బ్రౌజర్ 'నాకు ఫలానా సైటు కావాలి' అని పేరు బాహాటంగా చెబుతుంది, తాళం పడేది ఆ తర్వాతే. ఇది ఎవరు చదువుతారులే అనుకోకండి. జియో ఈ ఎస్‌ఎన్‌ఐని చూసే సైట్లను ఆపుతోందని 2019లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు పరీక్షలు చేసి చూపించారు. అంతకు ముందు ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 827 సైట్లను మూయించమని టెలికాం శాఖ ప్రొవైడర్లందరికీ చెప్పింది. పేరు చూడకుండా ఒక్క సైటునే ఏరి ఆపడం కష్టం కదా.

సైటు పేరు ఒక్కటి తెలిస్తే ఏం పోయిందని మా ఆఫీసులోనే వాదించినవాళ్లు ఉన్నారు. సంతాన సాఫల్య కేంద్రం సైటు, డీ-అడిక్షన్ సెంటర్ సైటు, లోన్ యాప్, పెళ్లైన మనిషి ఇంట్లోంచి మ్యాట్రిమోనీ సైటు. పేజీలో ఏముందో ఎవరికి కావాలి? పేరూ వేళా చాలు. అసలు పేరు కూడా అక్కర్లేదని చెప్పడానికి ఒక సంగతి చెబుతాను.

ఒక పెద్దాయన మా ఆఫీసు కౌంటర్‌కి వచ్చాడు. కనెక్షన్ ఆయన పేరు మీదే ఉంది. "బాబూ, మావాడు ఎంసెట్‌కి చదువుతున్నానంటాడు, రాత్రిపూట ఏం చూస్తున్నాడో కాస్త చెప్పండి" అన్నాడు. అలాంటివి చెప్పకూడదండీ అనాలి. కౌంటర్‌లో కుర్రాడు, పాపం సాయం చేద్దామనే, కంప్యూటర్ ఆయన వైపు తిప్పి వాడకం గ్రాఫ్ చూపించాడు. సైటు పేరేమీ లేదు, ఉత్త గీత. రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా గీత కొండలా లేచి ఉంది, రోజూ. పెద్దాయన ఇంకేం అడగలేదు, ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. ఆ గంటల్లో అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులే డౌన్‌లోడ్ చేసుకున్నాడో ఏమో ఎవరికి తెలుసు? మేనేజర్ తర్వాత కుర్రాణ్ని కేకలేశాడు గానీ, ఆ గ్రాఫ్ ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అని రాసిన కాగితం మాత్రం మా ఆఫీసులో నేనున్నన్నాళ్లూ లేదు.

అందుకే మీ మొదటి ప్రశ్న చాలా సరైనది. మన దగ్గర కేబుల్ టీవీ అతనే ఇంటర్నెట్ అతను అయ్యాడు. 2017 డిసెంబర్‌లో 149 రూపాయలకు టీవీ, ఫోన్, నెట్ అంటూ ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు కూడా ఇళ్లదాకా తీగ లాగింది స్థానిక ఆపరేటర్లే. మీ ఇల్లు, మీ బంధువులు, మీ అమ్మాయి ఏ కాలేజీలో చదువుతోందో తెలిసిన మనిషి అతను. ఢిల్లీలో ఎవరో ఆఫీసరు మీ లాగ్, అంటే ఎప్పుడు ఎక్కడికి వెళ్లారో రాసి పెట్టిన రికార్డు, చూస్తే మీరెవరో ఆయనకు పట్టదు. మీ వీధివాడు చూస్తే పడుతుంది.

సాధారణంగా మీ ఆపరేటర్‌కి సైట్ల జాబితా అందదు, అది పై కంపెనీ సర్వర్లలో ఉంటుంది. అతని చేతిలో ఉండేది మీ ఇంట్లో గోడకు బిగించిన ఆ తెల్ల పెట్టె, ఓఎన్‌టీ. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ అతనికి తెలుసు. చాలాచోట్ల ఏరియా మొత్తానికి ఒకటే పెడతారు, బిగించినవాడికి గుర్తుంటే చాలునని. లోపలికి వెళితే ఇంట్లో ఏయే ఫోన్లు కలిశాయో పేర్లతో సహా కనిపిస్తాయి. చాలామంది ఫోన్‌కి సొంత పేరే పెట్టుకుంటారు కాబట్టి ఎవరు ఇంట్లో ఉన్నారో, చుట్టం ఎవరొచ్చారో తెలిసిపోతుంది. కొన్ని మోడల్స్‌లో వైఫై పాస్‌వర్డ్ కూడా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. పైగా కంపెనీ తన ఆఫీసులోంచే ఆ పెట్టెను మార్చగలదు. టీఆర్-069 అని దానికో పద్ధతి ఉంది, కంప్లైంట్ వస్తే మనిషిని పంపకుండా సరిచేయడానికి పెట్టుకున్నది. నేనూ దాంతోనే ఎన్నో ఇళ్ల రౌటర్లు బాగుచేశాను. మంచి పనిముట్టే, కాకపోతే మనం లోపలికి వెళ్లినట్టు ఆ ఇంటివాళ్లకు తెలిసేది కాదు.

ఇక ప్రభుత్వం. నిఘా అనగానే మనవాళ్లకు ఫోన్ ట్యాపింగ్ గుర్తొస్తుంది, అందులోనూ 2024లో తెలంగాణలో ఆ కేసు పైకి వచ్చాక. ట్యాపింగ్‌కి కనీసం కాగితం మీదైనా ఒక గడప ఉంది. 1996లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది, హోం సెక్రటరీ స్థాయి అధికారి సంతకం ఉండాలి. ఆ ఉత్తర్వులను తర్వాత పరిశీలించే కమిటీలో ఉండేదీ అధికారులే, జడ్జి ఉండడు. ఆ లోటు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పోయి 2023 టెలికాం చట్టం వచ్చినా తీరలేదు. సరే, అది అలా ఉంచండి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ట్యాపింగ్ కాదు, లాగ్. ట్యాపింగ్ ఒకరి మీద అనుమానం వచ్చాక మొదలవుతుంది. లాగ్ అందరిదీ, ఏ అనుమానమూ లేకుండా, ముందే రాసి పెట్టి ఉంటుంది. ఏ కస్టమర్ ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి ఎన్ని గంటలకు వెళ్లాడన్నది ఐపీడీఆర్ అంటారు. లైసెన్సు ప్రకారం దాన్ని ఏడాది దాచాలని ఉండేది, 2021 డిసెంబర్‌లో కనీసం రెండేళ్లు అని మార్చారు. దర్యాప్తులో పోలీసులు ఇలాంటి రికార్డు అడగడానికి ట్యాపింగ్ అంత తతంగం లేదు. ఒకప్పుడు నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 91, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 94 కింద లేఖ రాస్తారు. మీ రికార్డు అడిగారని మీకు ఎవరూ చెప్పరు.

మాకూ అలాంటి లేఖలు వచ్చేవి, ఎక్కువగా ఆన్‌లైన్ మోసాల కేసుల్లో. ఫలానా ఐపీ, ఫలానా సమయం, వాడిందెవరో చెప్పండి అని. చిక్కేమిటంటే ఐపీవీ4 అడ్రసులు చాలక మేం ఒక్కో పబ్లిక్ ఐపీని వందలమంది కస్టమర్లకు పంచేవాళ్లం. ఆ ఐపీని పంచుకున్నవాళ్లలో ఒక్కో కనెక్షన్‌ను వేరుచేసే పోర్ట్ నంబర్ కూడా ఉంటేనే మనిషి తేలుతాడు. లేఖలో అది ఉండేది కాదు. అప్పుడు ఆ నిమిషంలో ఆ ఐపీ మీద ఉన్నవాళ్ల జాబితా మొత్తం తయారయ్యేది, పేరు, ఫోన్, ఇంటి అడ్రస్‌తో. ఒక దొంగ కోసం అంతమంది వివరాలు బయటికి పోయేవి. పోర్ట్ నంబర్ పంపమని తిరిగి రాయవచ్చు, రాశాం కూడా. చిన్న కంపెనీ యజమానికి పోలీస్ స్టేషన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే ఓపిక ఎంతకాలం ఉంటుంది?

మీ డేటాను ప్రకటనల కోసం అమ్ముతారా అంటే, మేం అమ్మలేదు, మాకంత తెలివీ లేదు. అమెరికాలో మాత్రం ఇది పెద్ద వ్యాపారం. అక్కడి పెద్ద టెలికాం కంపెనీ వెరైజన్ తన కస్టమర్ల ట్రాఫిక్‌లో చెరపడానికి వీల్లేని గుర్తింపు నంబర్ తగిలించినందుకు 2016లో 13.5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, బ్రౌజింగ్ వివరాలు వాడుకోవాలంటే కస్టమర్ అనుమతి తీసుకోవాలని నిబంధన తెస్తే, అమల్లోకి రాకముందే 2017లో కాంగ్రెస్ కొట్టేసింది. 2021లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ ఆరు పెద్ద ప్రొవైడర్లను పరిశీలించి, వాళ్లలో కొందరు తమ కస్టమర్లను జాతి, లైంగికత లాంటి వాటి ప్రకారం కూడా గంపగుత్తగా విడదీస్తున్నారని రాసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ప్రొవైడర్ అకౌంట్‌లోకి వెళ్లి ప్రైవసీ సెట్టింగులు ఒకసారి చూసుకోండి. మనకు ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్న 2017 పుట్టస్వామి తీర్పు ఉంది, 2023 డేటా రక్షణ చట్టం ఉంది. ఆ చట్టంలోనే కేంద్రం తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే సెక్షన్ 17 కూడా ఉంది.

వీపీఎన్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. వీపీఎన్ పెడితే మీ ప్రొవైడర్‌కి కనిపించేది వీపీఎన్ సర్వర్ ఒక్కటే, నిజమే. కానీ అప్పటిదాకా అతనికి కనిపించినదంతా ఇప్పుడు వీపీఎన్ వాడికి కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చేవాటి జోలికి అసలు పోకండి. ఒనావో అనే ఉచిత వీపీఎన్ కంపెనీని ఫేస్‌బుక్ 2013లో కొని, జనం ఏ యాప్ ఎంత వాడుతున్నారో దాని ద్వారానే కనిపెట్టింది. 2018లో యాపిల్ అభ్యంతరం చెబితే గానీ ఆప్ స్టోర్ నుంచి తీయలేదు. డబ్బు తీసుకునేవాళ్లలో కొందరు నమ్మదగినవాళ్లే. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశిస్తే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ లాంటివి ఇండియాలో సర్వర్లే ఎత్తేశాయి. మీరు జర్నలిస్టో, ఉద్యమాల్లో తిరిగే మనిషో అయితే కొనండి. సీరియల్స్, పాఠాలు, బ్యాంకు పనులు చూసుకునే ఇంటికి నెలనెలా ఆ ఖర్చు దండగ.

దానికన్నా ముందు డీఎన్‌ఎస్ మార్చండి, పైసా ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఉంటుంది, అందులో క్లౌడ్‌ఫ్లేర్ లేదా క్వాడ్9 అనే డీఎన్‌ఎస్ సేవల అడ్రస్ పెట్టండి, అంకెల్లో ఉన్నది కాదు, పేరు రూపంలో ఉన్నది. కంప్యూటర్‌లో అయితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లోనూ సెక్యూర్ డీఎన్‌ఎస్ ఉంది. రౌటర్‌లో ఊరికే క్లౌడ్‌ఫ్లేర్ అంకెల అడ్రస్ 1.1.1.1 అని వేసి వదిలేస్తే చాలదు, ప్రశ్న అప్పటికీ బాహాటంగానే వెళుతుంది. ఎస్‌ఎన్‌ఐ సంగతి ఇంతతో తీరదు. దాన్ని దాచే పద్ధతి ఒకటి కొత్త బ్రౌజర్లలో వచ్చింది గానీ అవతల సైటు కూడా ఒప్పుకుంటేనే పనిచేస్తుంది.

ఓఎన్‌టీ విషయానికి వస్తే, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే వచ్చిన నెట్‌ను ముందుకు దాటించడం మాత్రమే చేసేలా, పెట్టమని ఆపరేటర్‌నే అడగండి, సొంత రౌటర్ ఒకటి కొనుక్కుని దాని వెనక ఇంటి వైఫై నడపండి. అప్పుడు మీ ఇంట్లో ఫోన్ల పేర్లు అతనికి కనిపించవు. కొందరు సణుగుతారు, కంప్లైంట్ వస్తే మేం చూడలేమంటారు. ఆ మాటలో నిజముంది, ఆ మాత్రం ఇబ్బంది మీరే పడాలి. సొంత రౌటర్ వద్దనుకుంటే ఓఎన్‌టీలోకి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ అయినా మార్చండి, అడ్రస్ సాధారణంగా 192.168.1.1, పెట్టె కింద స్టిక్కర్ మీద ఉంటుంది. వెనకాల చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. నెట్ రాలేదని ఎవరైనా పిన్నుతో దాన్ని నొక్కితే పాత పాస్‌వర్డే తిరిగి వస్తుంది, మళ్లీ మార్చుకోవాలి.