శాటిలైట్ ఉండగా చెరువులో సెన్సార్ ఎందుకంటే...

పైనుంచి శాటిలైట్లు అన్నీ చూస్తుంటే నీటి నాణ్యత కోసం మళ్లీ సెన్సార్లు తయారుచేయడం దండగ కదా అని అడిగారు. కాదండీ. మేం రొయ్యల్ని పోగొట్టుకుని తెలుసుకున్నాం.

నేలని, నీటిని ఫొటోలు తీసే యూరప్ శాటిలైట్ సెంటినెల్-2 మన మీదుగా వెళ్లేది పొద్దున పదిన్నర ప్రాంతంలో. అప్పటికి ఎండ తగిలి నీళ్లలో నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. కానీ రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది కాబట్టి రొయ్యకు గండం తెల్లవారుజామున. పైగా కరిగిన ఆక్సిజన్ శాటిలైట్‌కి కనపడదు. నీటి రంగు, పచ్చదనం, బురద కనపడతాయి. కొల్లేటిలో ఎంతమేర చెరువులు తవ్వేశారో చూడాలంటే మాత్రం దాన్ని మించింది లేదు.

భీమవరం దగ్గర మా మామయ్యకు మూడెకరాల వనామి రొయ్యల చెరువు ఉంది. నా మాట విని నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే డీవో సెన్సార్ పెట్టించాడు. ఒక రాత్రి కరెంటు బిల్లు తగ్గుతుందని నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లలో ఒక్కటే తిప్పాం. ఫోన్‌లో ఆక్సిజన్ లీటరుకి 5.8 మిల్లీగ్రాములని చూపిస్తోంది, నిశ్చింతగా పడుకున్నాను. మూడున్నరకి మామయ్య లేపాడు. "ఒరేయ్, ఊపిరాడక రొయ్య పైకి తేలిపోయిందిరా!" గట్టు మీద నుంచి టార్చ్ వేస్తే నీటి అంచు పొడవునా ఎర్రగా మెరిసే కళ్లు. ఫోన్‌లో ఇంకా 5.6! చేతి మీటరు తీసుకెళ్లి అవతలి మూల అడుగున ముంచితే 1.9. వనామికి 4 అయినా ఉండాలి. ఏరియేటర్లన్నీ వేశాం గానీ తెల్లారేసరికి చాలా రొయ్య పోయింది.

సెన్సార్‌లో లోపం లేదు. బిగించడానికి వచ్చినవాళ్లు కేబుల్ పొట్టిదని, ప్లగ్ దగ్గరని, తిరిగే ఏరియేటర్ పక్కనే అరడుగు లోతులో కట్టిపోయారు. అది కొలిచింది అక్కడి నురగ నీళ్లని. రొయ్య ఉండేది అడుగున.

నా బాధ ఇదే. సెన్సార్ డెవలప్‌మెంట్ అంటే చిప్పు, యాప్, రంగురంగుల గ్రాఫులు అనుకుంటున్నారు. నాకు తెలిసి సగం పని కేబుల్ పొడవు, ప్రోబ్ (నీళ్లలో ముంచే సెన్సార్ కొన) కట్టే చోటు, దాన్ని తుడిచే మనిషి. మన చెరువుల్లో వారం తిరక్కుండానే ప్రోబ్‌కి పాచి పడుతుంది. అమ్మేటప్పుడు నాలుగుసార్లు వచ్చినవాళ్లు క్యాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిచేయడానికి పిలిస్తే ఫోనే ఎత్తరు. సెన్సార్ కొనడానికి సబ్సిడీ అడుగుతున్నాం, తుడిచే మనిషి జీతం గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు ప్రోబ్ అవతలి మూలన, అడుగుకు జానెడు పైన ఉంది. మామయ్య రెండు రోజులకోసారి పైకి తీసి పాత పంచె ముక్కతో తుడిచి, చేతి మీటరుతో సరిచూసి మళ్లీ దింపుతాడు.