పన్ను రసీదు ఉంటే పట్టా వస్తుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది వరంగల్ జిల్లాలో 2018లో మున్సిపాలిటీగా మారిన ఊరు. పంచాయతీ ఉన్న రోజుల్లోనే చెరువుకు కొంత దూరంలో నోటరీ కాగితం మీద జాగా కొని రెండు గదులు వేసుకున్నాం. ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా ఉన్నాయి. ఏటా పన్ను కడుతున్నాం. ఇప్పుడు అది సర్కారు భూమి అంటున్నారు. పన్ను తీసుకున్నవాళ్లే కబ్జా అనడం న్యాయమేనా? మాకు పట్టా వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆవేదనలో న్యాయం ఉంది కానీ, చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. పన్ను కట్టడానికీ భూమి మీద హక్కుకూ సంబంధం లేదని న్యాయస్థానాలు అనేకసార్లు చెప్పాయి. కరెంటు మీటరు, నల్లా కూడా అంతే. మీరు అక్కడ ఉంటున్నారనడానికి అవి రుజువులే తప్ప ఆ జాగా మీదేననడానికి కావు.

మీరు ముందుగా చేయవలసిన పని తహసీల్దారు కార్యాలయంలో మీ ఇంటి సర్వే నంబరు తెలుసుకుని, రికార్డులో ఆ భూమి ఏ పేరుతో ఉందో చూడడం. అది ఒకరి పట్టా భూమి అయితే, నోటరీ కాగితంతో యాజమాన్యం మారదు కనుక ఆ పట్టాదారు నుంచి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమి) అయితే 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది కాబట్టి, మీకు అమ్మినవారికి అమ్మే హక్కే లేదు. సాధారణ సర్కారు భూమి అయితే మాత్రం దారి ఉంది. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రకారం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం 125 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకుని ఉంటే, ఇంటి మహిళ పేరిట ఉచితంగా పట్టా ఇవ్వవచ్చు. మొదట 2014 జూన్ 2 నాటికి ఇల్లు ఉండాలన్నారు; 2023లో ఆ తేదీని 2020 జూన్ 2కు మార్చారు. ప్రభుత్వం గడువు ప్రకటించినప్పుడే దరఖాస్తులు తీసుకుంటారు కనుక పాత తేదీ ఉన్న ప్రతి రసీదునూ భద్రపరచండి. హక్కును ఇవ్వలేని ఆ పన్ను రసీదు, మీరు ఎప్పటి నుంచి ఉంటున్నారో చెప్పడానికి ఇక్కడే అక్కరకు వస్తుంది.

అది చెరువు శిఖం, అంటే చెరువు నీరు నిలిచే భూమి అయితే ఏ జీవో కిందా పట్టా రాదు. అలాంటి చోట పట్టా ఇప్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినా, రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, జలవనరుల వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలను ఆ ఆదేశం నుంచి మినహాయించింది. అందుకే మీ ఇల్లు ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దుకు) లోపల ఉందా, వెలుపల ఉందా అన్నది నీటిపారుదల శాఖ మ్యాపులో చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న: వరద వచ్చిన ప్రతిసారీ నాలాల మీది బస్తీలే కారణమంటారు. వాటిని తీసేస్తే వరంగల్ మునగకుండా ఉంటుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పూర్తిగా ఉండదు. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి; పై చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పోయే చోటు) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ నడుమ కాలువ ఇరుకైన చోటల్లా నీరు ఇళ్లలోకి వస్తుంది. 2020 ఆగస్టు వరదల తర్వాత నయీంనగర్ నాలా మీది ఆక్రమణలను తొలగించాలని ఆదేశించినప్పుడు తేలిన సంగతేమిటంటే, నాలాను ఇరుకు చేసినవి గుడిసెలు మాత్రమే కావు, పక్కా భవనాలు కూడా. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు అందరికన్నా ఎక్కువ భయపడింది పల్లపు కాలనీలవారే. పేదవాడు పల్లానికి చేరేది అక్కడ జాగా చవక కనుక. ఉన్నవాడు అదే పల్లాన్ని మట్టితో నింపి ఎత్తు చేసుకుని కట్టుకుంటాడు, అతని నీరు కూడా పక్క బస్తీకే పోతుంది.

నీటి దారిలో ఉన్న ఇళ్లు కదలక తప్పదని నా అభిప్రాయం. అయితే ఎక్కడికి అన్నదే అసలు ప్రశ్న. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి, తెల్లవారి అడ్డా మీద నిలబడే కూలీకి ఊరికి దూరంగా ఇల్లిస్తే, ఆటో కిరాయికే కూలిలో మంచి భాగం పోతుంది. కొన్నాళ్లకు ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ నాలా పక్కకే వస్తాడు. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు దగ్గర కార్మికులకు క్వార్టర్లు కూడా ఉండేవి. 2017లో శంకుస్థాపన జరిగిన మెగా టెక్స్‌టైల్ పార్కు చుట్టూ కార్మికులు కొనగలిగిన చిన్న ప్లాట్లు ఎన్ని ఉన్నాయని ఇప్పుడే అడగాలి. మాస్టర్ ప్లాన్‌లో ఒక ప్రాంతాన్ని నివాస మండలమని గుర్తించినంత మాత్రాన అక్కడ గజం ధర కూలీకి అందదు. 1970ల నాటి ప్రణాళికతో దశాబ్దాలు నెట్టుకొచ్చిన వరంగల్‌కు 2041 ప్రణాళిక ఆమోదం పొందేసరికి 2024 వచ్చింది. ఆ నడుమ ఊరు తనకు తోచినట్టు పెరిగింది. నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ వంటి చోట్ల పని దొరికే ప్రదేశాలకు దగ్గరగా ఉన్న సర్కారు భూమిని ధర పెరగకముందే చిన్న ఇళ్ల కోసం కేటాయించి, రోడ్డు, మురుగు కాలువ ముందుగా వేసి ఆ తర్వాత పట్టాలు ఇస్తే, కొత్త బస్తీ నాలాలోకి దిగవలసిన అవసరం రాదు. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే రూ.5 లక్షల ఇందిరమ్మ సాయం సొంత జాగా ఉన్నవారికే అందుతోంది కనుక, జాగా ఇవ్వకుండా ఇంటికి సాయం ప్రకటిస్తే అది బస్తీవాసిని చేరదు.

ప్రశ్న: నా సొంత 70 గజాల ప్లాటులో పై అంతస్తు వేయడానికి అనుమతి కావాలా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: అక్కరలేదు. భవన నిర్మాణ అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాటులో కింది అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు అనుమతి లేకుండానే కట్టుకోవచ్చు; ఒక్క రూపాయి రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. అయితే ఆ వెసులుబాటు సర్కారు భూమిలోనో శిఖంలోనో ఉన్న ప్లాటుకు వర్తించదు.