ఏ భాగం, ఏ గంట: యువ రచయితకు లేఖ

అమ్మా, ఆశీస్సులు.

ఎండ తీవ్రతకు మొక్కలు ఎలా స్పందిస్తాయో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా ఒదుగుతోంది. కానీ ‘మొక్క విలవిల్లాడుతుంది, మౌనంగా రోదిస్తుంది’ అన్నచోట నాకు అసంతృప్తి కలిగింది. చదివేవారికి జాలి పుడుతుంది గానీ మొక్క గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. వేడిని పసిగట్టే చోటు మొక్కలో ఒక్కటే కాదు. అందుకే ‘మొక్క’ అని రాసిన ప్రతిసారీ, ఏ భాగం, ఏ గంటలో అని నిన్ను నువ్వు అడుగు.

వరినే తీసుకో. వెన్ను మీద ఒక్కో పువ్వు సాధారణంగా ఉదయం పూట విచ్చుకుని, సుమారు గంటలో మూసుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, పగలాలి, పుప్పొడి కీలాగ్రం, అంటే పువ్వులోని ఆడ భాగపు కొన, మీద పడాలి. అప్పుడు వేడి 35 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో పరాగకోశాలు సరిగా పగలవు, కీలాగ్రానికి చేరే రేణువులు తగ్గిపోతాయి. ఆకులు పచ్చగానే ఉంటాయి, పైరు ఏపుగానే కనిపిస్తుంది. తీరా కోతకొచ్చేసరికి వెన్నులో తాలు గింజలు! ఆలస్యంగా నాటిన దాళ్వా, యాసంగి వరికి ఈ ముప్పు మరీ ఎక్కువ. గింజ ఎంత తాలు పోయిందో రైతుకు తెలుసు, ఎందుకు పోయిందో విడమరిచి చెప్పాల్సింది నువ్వు.

నీ వ్యాసంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. వెలుతురును గ్రహించే ఫైటోక్రోమ్-బి అనే ప్రోటీన్ వెచ్చదనాన్నీ గ్రహిస్తుందని 2016లో అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో తేలింది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ప్రోటీన్ చురుకైన రూపం త్వరగా కోల్పోతుంది, దాంతో కాండం సాగుతుంది. ఇది మామూలు వెచ్చదనానికి స్పందన. నలభై డిగ్రీల దెబ్బ తగిలినప్పుడు జరిగే కథ వేరు.

ఆ కథను మాత్రం తొందరపడకుండా చెప్పు, నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అది. తీవ్రమైన వేడికి కణంలోని ప్రోటీన్ల మడతలు చెదురుతాయి. మడతలను సరిచేసే హెచ్‌ఎస్‌పి70, హెచ్‌ఎస్‌పి90 అనే ప్రోటీన్లు మామూలు రోజుల్లో హీట్ షాక్ ఫ్యాక్టర్ అనే, జన్యువులను మేల్కొలిపే ప్రోటీన్‌ను కదలనివ్వకుండా పట్టుకుని ఉంటాయి. చెదిరిన ప్రోటీన్లు పెరిగిపోగానే ఈ రెండూ వాటిని సరిచేసే పనిలో పడతాయి. పట్టు వదిలిన ఫ్యాక్టర్ కేంద్రకంలోకి వెళ్ళి, మరిన్ని రక్షక ప్రోటీన్లు తయారయ్యేలా జన్యువులను మేల్కొలుపుతుంది. జరిగిన నష్టమే హెచ్చరికగా మారుతోంది, చూశావా! దీనికి రోదన అనే మాట జోడించాల్సిన అవసరం ఎక్కడుంది? ఈ స్పందన ఆనవాలు మొదట దొరికింది మొక్కల్లో కాదు, 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచో రిటోసా పరిశీలించిన పండ్ల ఈగ క్రోమోజోముల్లో. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు.

రాత్రిని నువ్వు పూర్తిగా వదిలేశావు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఎండాకాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని అందులో తేలింది. మన పత్రికలు ఎప్పుడూ మధ్యాహ్నపు గరిష్ఠాల గురించే రాస్తాయి. నువ్వు ఆ దారిన పోవద్దు.

భూతాపం మీద రాసిన మొదటి పేజీ తీసేయ్, అది ఎవరైనా రాయగలరు. దాని బదులు ఆ వరి పరిశోధన సంస్థ పాలుపంచుకున్న మరో పని గురించి రాయి. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి తెల్లవారగానే పూస్తుంది. ఆ గుణాన్ని శాస్త్రవేత్తలు సాగు వరిలోకి తెచ్చారు. పువ్వుకు వేడిని ఓర్చుకునే శక్తి ఇవ్వలేదు, ఎండ ముదరకముందే దాని పని ముగిసేలా వేళను ముందుకు జరిపారు. మీ ఊళ్ళో ఇప్పుడు వేస్తున్న రకాలేమిటో, అవి ఎన్ని గంటలకు పూస్తాయో పొలానికి వెళ్ళి స్వయంగా చూసి, ఆ వివరాలు చేర్చి వ్యాసం మళ్ళీ పంపు.